పద్దులోకి రాని ఖర్చు

గత వానాకాలం మా ఊళ్ళో మొదటిసారి వరికి డ్రోనుతో మందు కొట్టించారు. జగిత్యాలకు దగ్గరి పల్లె మాది. దోమపోటు కనబడిందని పక్క మండలంలోని మహిళా సంఘం నుంచి డ్రోను నడిపే ఆవిడను పిలిపించారు. ఆమె ట్రాలీ ఆటోలో వచ్చి, గట్టు మీద పట్టా పరిచి, రెక్కలు విప్పి, బ్యాటరీ బిగించి ఎగరేసింది. తైవాన్ పంపు వీపున మోసుకుని మా చిన్నాన్న పూటంతా తిరిగే మడిని అది పది నిమిషాల్లో చుట్టి వచ్చింది. పిల్లలు దాని నీడ వెంట గట్ల మీద పరుగులు తీశారు.

నా పక్కన మా పెద్దమ్మ కొడుకు నిలబడి ఉన్నాడు. అబుదాబి నుంచి సెలవు మీద వచ్చాడు. అందరూ పొలం వంక చూస్తుంటే అన్నయ్య మాత్రం ఆ డ్రోను కింద వేలాడే తెల్లటి డబ్బా వంక చూస్తున్నాడు.

"ఎంత పడుతుందమ్మా అందులో?" అని అడిగాడు.

"పది లీటర్లు అన్నా."

"పది కిలోలన్న మాట" అన్నాడు మెల్లగా. ఇంటికి వచ్చేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

2022 జనవరి 17న అన్నయ్య అబుదాబిలోని ముసఫాలో ఉన్నాడు. ఆ రోజు యెమెన్ నుంచి హౌతీ తిరుగుబాటుదారులు పంపిన డ్రోన్లు, క్షిపణులు అక్కడి చమురు నిల్వ కేంద్రం దగ్గర పడ్డాయి. మూడు పెట్రోలు ట్యాంకర్లు పేలిపోయాయి. ముగ్గురు చనిపోయారు: ఇద్దరు భారతీయులు, ఒక పాకిస్థానీ. అన్నయ్యది కూడా ట్యాంకర్ నడిపే పనే, కాకపోతే నీళ్ళ ట్యాంకర్. ఫోను కలవక వదిన మా ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చింది. చనిపోయినవాళ్ళు భారతీయులని టీవీలో చెబుతున్నారు, పేర్లు మాత్రం చెప్పడం లేదు. అన్నయ్య గొంతు వినేసరికి రాత్రి తొమ్మిదైంది. చనిపోయిన ఇద్దరూ పంజాబు వాళ్ళని తరవాత తెలిసింది. మనవాళ్ళు కారని మా ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ ఊపిరి పీల్చుకోవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఇది రాయడానికి ఆ పొలం గట్టు ఒక కారణం. రెండో కారణం, ఆ తరవాత ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర విన్న మాట. "ముప్పై లక్షల డ్రోను. దాన్ని కూల్చడానికి ముప్పై కోట్ల క్షిపణి. ఇక పెద్ద దేశాల పని అయిపోయినట్టే" అన్నారు మా బంధువొకాయన. వరసలో కూర్చున్న అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. నేనూ ఊపాను. అలాంటి మాటలు నేను కూడా చాలాసార్లు అన్నవాణ్ణే. కానీ ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే, ఈ లెక్కలో అన్నయ్య లేడు, వదిన లేదు, ఆ ముగ్గురు లేరు. ఉన్నది రెండు వస్తువుల ధర మాత్రమే.

లెక్క తప్పు కాదు

ధరల సంగతిలో మా బంధువు పొరబడలేదు. ఇరాన్ తయారుచేసిన షహెద్-136 డ్రోను ఒక్కోటి 20 వేల నుంచి 50 వేల డాలర్లు ఉంటుందని నిపుణుల అంచనా. మన డబ్బులో 17 లక్షల నుంచి 43 లక్షల దాకా. దాన్ని కూల్చగల అమెరికా పేట్రియట్ వ్యవస్థలో కొత్త రకం క్షిపణి ఒక్కోటి దాదాపు 40 లక్షల డాలర్లు, అంటే 35 కోట్ల రూపాయల చిల్లర. ఉక్రెయిన్ యుద్ధరంగంలో కందకాల దగ్గర సైనికులు కళ్ళద్దాలు పెట్టుకుని నడిపే ఎఫ్‌పీవీ డ్రోను అయితే నాలుగైదు వందల డాలర్లకే తయారవుతుంది. ఒక మంచి ఫోను ధరకు కోట్ల విలువైన యుద్ధ ట్యాంకు కాలిపోతోంది. ఎర్ర సముద్రంలో అమెరికా నౌకాదళం హౌతీ డ్రోన్ల మీద ఒక్కోటి ఇరవై లక్షల డాలర్ల దాకా పలికే క్షిపణులు వాడాల్సి వచ్చింది.

రష్యా తమ మీద విసిరే షహెద్‌ను ఉక్రెయిన్ జనం మోపెడ్ అంటారు. దాని ఇంజను చప్పుడు అలాగే ఉంటుంది. మా ఊళ్ళో తెల్లవారుజామున మోపెడ్ చప్పుడు వినబడితే పాల క్యాన్లు వెళ్తున్నాయని అర్థం. కీవ్‌లో అదే చప్పుడు వినబడితే తల్లులు పిల్లల్ని దుప్పట్లతో సహా ఎత్తుకుని మెట్రో స్టేషన్లలోకి దిగుతారు. 2022 అక్టోబరు 17 ఉదయం కీవ్‌లోని ఒక అపార్టుమెంటును ఈ డ్రోన్లే కూల్చాయి. చనిపోయినవాళ్ళలో ఒక గర్భిణి, ఆమె భర్త ఉన్నారు. అప్పట్లో ఒక దాడిలో పదులకొద్దీ వచ్చేవి. 2025 సెప్టెంబరు 7 రాత్రి ఒక్కసారే 800కు పైగా వచ్చాయి.

ఎనిమిది వందలు! చవక అన్న మాటకు అసలు అర్థం నాకు అక్కడే తెలిసింది. ఒక్కోటి 35 కోట్లయితే ఏ దేశమూ ఒక రాత్రిలో ఎనిమిది వందలు విసరలేదు. ధర తగ్గినందువల్ల యుద్ధం మొత్తం ఖర్చు తగ్గలేదు, విసిరే రాత్రుల సంఖ్య పెరిగింది. ఆ ఎనిమిది వందల్లో కొన్ని ఉత్త బూటకాలు. గెర్బెరా అని ప్లైవుడ్డుతో, స్పాంజి వంటి ఫోముతో చేసినవి. రాడార్‌ను తికమక పెట్టడమే వాటి పని. కానీ సైరను బూటకానికీ మోగుతుంది. నిద్ర బూటకానికీ పోతుంది. మరునాడు పొద్దున బడికి వెళ్ళాల్సిన పిల్లకూ, ఆపరేషన్ చేయాల్సిన డాక్టరుకూ, బస్సు నడపాల్సిన డ్రైవరుకూ పోయిన ఆ నిద్ర ఏ పద్దులో రాస్తున్నారు?

పైగా ఈ ధరల తేడా ఇలాగే ఉండిపోదు. ఉక్రెయిన్ వాళ్ళు స్తంభాలకు మైకులు బిగించి, చప్పుడును బట్టి డ్రోను ఎటు వెళ్తోందో కనిపెట్టే ఏర్పాటు చేసుకున్నారు. పికప్ బండ్ల మీద మెషిన్‌గన్లు పెట్టి తిరుగుతున్నారు. డ్రోనును ఢీకొట్టి కూల్చే డ్రోన్లు కొన్ని వేల డాలర్లకే తయారుచేస్తున్నారు. మన సైన్యం కూడా 2025 మేలో పాకిస్థాన్ డ్రోన్ల మీద ఎల్-70 వంటి పాత తుపాకులనే గురిపెట్టింది. 1960లలో వచ్చిన ఆ తుపాకులకు కొత్త రాడార్లు, కెమెరాలు బిగించి వాడారు. చవకకు చవకే విరుగుడుగా వస్తోంది. ఇంకొన్నాళ్ళకు మా బంధువు చెప్పిన లెక్క చెల్లదు. అప్పుడు రెండు వైపులా ఆకాశం నిండా చవక యంత్రాలు ఉంటాయి, వాటి కింద జనం ఉంటారు.

పేద దేశానికి దొరికిన ఒడిసెల ఇది అని ఒకప్పుడు అనుకున్నాను. ఆ నమ్మకం కూడా నిలవలేదు. 2025 డిసెంబరులో అమెరికా తన లూకాస్ డ్రోన్లను పశ్చిమాసియాకు పంపినట్టు ప్రకటించింది. చూడటానికి అచ్చం షహెద్, ఒక్కోటి సుమారు 35 వేల డాలర్లు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన సైన్యమే ఇరాన్ నమూనాను అనుకరించింది. చవక ఆయుధం బక్కవాడి చేతిలో మాత్రమే ఉండిపోతుందని ఎందుకు అనుకున్నానో నాకే తెలియదు.

యెలబుగా కర్మాగారం

ఈ డ్రోను అంత చవకగా ఎలా తయారవుతుంది? నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కుదిపింది ఈ ప్రశ్నకు దొరికిన జవాబే.

షహెద్‌ను రష్యా గెరాన్-2 పేరుతో తన గడ్డ మీదే తయారు చేస్తోంది. తాతర్‌స్తాన్‌లోని యెలబుగా పట్టణం దగ్గర అలబుగా అనే ప్రత్యేక ఆర్థిక మండలి ఉంది. కర్మాగారం అక్కడే. అందులో పనిచేసేవారిలో ఆ పక్కనే ఉన్న సాంకేతిక కళాశాల విద్యార్థులున్నారు, పదహారేళ్ళ పిల్లలతో సహా. వాళ్ళతో పాటు ఆఫ్రికా నుంచి రప్పించిన యువతులున్నారు. 2024 అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఈ సంగతి బయటపెట్టింది. ఉగాండా, రువాండా, కెన్యా, నైజీరియా వంటి దేశాల నుంచి, శ్రీలంక నుంచి కూడా, 18 నుంచి 22 ఏళ్ళ అమ్మాయిలు దాదాపు రెండు వందల మంది. పని చేస్తూ చదువుకోవచ్చన్నారు, హోటళ్ళలో, వంటశాలల్లో పని అన్నారు, విమానం టికెట్టు ఉచితమన్నారు. దిగాక చూస్తే డ్రోన్లు బిగించే పని. ఒంటికి దురద పెట్టే రసాయనాలు పూయాల్సి వచ్చిందని, రోజంతా నిఘా నీడలో పనిచేయాల్సి వచ్చిందని వాళ్ళు చెప్పుకున్నారు.

ఇది చదువుతుంటే నాకు తాతర్‌స్తాన్ కనబడలేదు, మా బస్టాండు ఎదురుగా మేడ మీదున్న ఏజెంటు ఆఫీసు కనబడింది. మా జిల్లాలో ఈ కథ తెలియని ఇల్లు లేదు. ఆఫీసులో పని అని చెప్పి ఒంటెలు కాసే పనికి పంపిన మనిషి మా వీధిలోనే ఉన్నాడు. ఇంటిపని అని చెప్పి తీసుకెళ్ళి పాస్‌పోర్టు గుంజుకున్న కథలు చెప్పే ఆడవాళ్ళున్నారు. చెప్పే పని ఒకటి, చేయించే పని మరొకటి అన్నది గల్ఫ్ ఊళ్ళకు కొత్త కాదు. కొత్తది ఏమిటంటే, ఆ మోసపు చివర ఇప్పుడు ఒక బాంబు ఉంది.

ఆ మోసం మన గడప దాకా కూడా వచ్చింది. రష్యాలో సహాయకుడి ఉద్యోగమని నమ్మి వెళ్ళిన హైదరాబాద్ యువకుడొకడు యుద్ధంలో చనిపోయినట్టు 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. అంతకు కొన్ని రోజుల ముందు గుజరాత్ కుర్రాడు ఇంకొకడు అలాగే వెళ్ళి డ్రోను దాడిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇద్దరూ ఉద్యోగం కోసం వెళ్ళినవాళ్ళే.

2024 ఏప్రిల్‌లో ఉక్రెయిన్ తన డ్రోను ఒకదాన్ని వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎగరేసి ఆ యెలబుగా మీదికి పంపింది. అది కార్మికులుండే హాస్టలు దగ్గర పేలింది, గాయపడినవారిలో విదేశీ విద్యార్థులున్నారు. ఉక్రెయిన్‌ను నేను తప్పుపట్టలేను. తన ఊళ్ళను తగలబెడుతున్న కర్మాగారాన్ని కొట్టే హక్కు దానికి ఉంది. కానీ వంటపని అనుకుని వచ్చిన ఆ అమ్మాయి పగలు ఒక దేశం డ్రోను బిగించి, రాత్రి ఇంకో దేశం డ్రోను కింద పడుకుంది. ఇరవై వేల డాలర్లు అన్న ధరలో ఆమె కూలి ఎంతో, ఆమె చర్మం ఎంతో రాసి ఉంటే, ఆ వస్తువును చవక అని పిలిచేవాళ్ళమా?

కెమెరా చూస్తూనే ఉంది

డ్రోన్లను సమర్థించేవాళ్ళు చెప్పే మాటల్లో నన్ను చాలాకాలం ఒప్పించిన మాట ఒకటుంది. అవి గురి తప్పవు, కాబట్టి అమాయకులు తక్కువ చనిపోతారు అన్నది. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో పేల్చినవాడికే సరిగా తెలియదు. డ్రోనుకు కెమెరా ఉంది, దాని వెనక కళ్ళున్న మనిషి ఉన్నాడు. చూసి కొడతాడు కదా అనుకున్నాను.

ఖెర్సాన్ ఆ నమ్మకాన్ని తుడిచేసింది. ద్నీప్రో నదికి కుడి ఒడ్డున ఉన్న ఆ నగరాన్ని 2022 నవంబరులో ఉక్రెయిన్ తిరిగి తీసుకుంది. ఎడమ ఒడ్డున రష్యా సైన్యం ఉంది. నది దాటి వచ్చే చిన్న డ్రోన్లు అక్కడ వీధుల్లో మనుషుల వెంటపడతాయి. సైకిలు మీద వెళ్ళే ముసలాయన, బస్సు స్టాపులో నిలబడిన మనిషి, గాయపడినవాళ్ళ కోసం వచ్చిన అంబులెన్సు, ఏదీ మినహాయింపు కాదు. స్థానికులు దీన్ని మనుషుల వేట అంటున్నారు. ఐక్యరాజ్యసమితి నియమించిన స్వతంత్ర విచారణ సంఘం 2025 మేలో ఈ దాడులను మానవత్వంపై నేరాలుగా తేల్చింది. ఆ ఏడాది జనవరి నెలలో ఉక్రెయిన్‌లో పౌరులను ఎక్కువగా బలిగొన్నవి పెద్ద క్షిపణులు కావనీ, ఇలాంటి చిన్న డ్రోన్లేననీ సమితి మానవ హక్కుల పర్యవేక్షకులే లెక్కగట్టారు.

కెమెరా ఉంది. కళ్ళూ ఉన్నాయి. చేతిలో సంచి ఉన్న మనిషి సంచి ఉన్న మనిషిగానే తెర మీద కనబడ్డాడు. గురి ఎంత కచ్చితమైనా అది ఎవరి మీద అన్నది యంత్రం నిర్ణయించదు. ఒక క్షిపణికి కోట్లు పోస్తే దాన్ని ఎక్కడ వాడాలో పైఅధికారులు పది మంది కూర్చుని ఆలోచిస్తారు. నలభై వేల రూపాయల వస్తువుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. సైకిలు తొక్కే ఒక మనిషి కోసం కూడా దాన్ని ఖర్చు పెట్టవచ్చు. ధర పడిపోయినకొద్దీ, గురిపెట్టడానికి తగినంత విలువ లేదని ఇన్నాళ్ళూ వదిలేసిన మనుషులు కూడా గురిలోకి వచ్చేస్తున్నారు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఏదైనా ఉంటే ఇదే.

అక్కడ ఇప్పుడు రోడ్ల మీద పందిళ్ళలా వలలు కడుతున్నారు, డ్రోన్లు చిక్కుకుపోతాయని. ఫ్రాన్సులోని బ్రిటనీ జాలర్లు పాతబడిన వలలు పంపించారు.

నేను తప్పేమో అనిపించిన చోట్లు

నా మిత్రుడొకడు హైదరాబాద్‌లో క్షిపణుల విడిభాగాలు చేసే చిన్న కర్మాగారంలో పనిచేస్తాడు. ఇదంతా చెబితే ఓపిగ్గా విని, "నిరుడు మే నెలలో మనవాళ్ళ దగ్గర ఆకాశ్ లేకపోతే ఏమయ్యేదో చెప్పు" అన్నాడు. శత్రువుల విమానాలను, డ్రోన్లను కూల్చే ఆకాశ్ క్షిపణులు తయారయ్యేది భారత్ డైనమిక్స్‌లో, కంచన్‌బాగ్‌లో దాని ప్రధాన కర్మాగారాన్ని మేమిద్దరం చదువుకునే రోజుల్లో రోజూ బస్సులోంచి చూసేవాళ్ళం. 2025 మే 8 రాత్రి పాకిస్థాన్ లేహ్ నుంచి సర్ క్రీక్ దాకా 36 చోట్లకు 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వం చెప్పింది. వాటిలో చాలా భాగం కూలాయంటే అందులో నా మిత్రుడి చేతి పని కొంత ఉందేమో. అతని ప్రశ్నకు నా దగ్గర ఎదురు జవాబు లేదు. కాపాడే ఆయుధం చవకగా, చాలినన్ని ఉండాలనే నేనూ కోరుకుంటాను.

ఉక్రెయిన్ విషయంలోనూ అంతే. 2025 జూన్ 1న లారీల మీద చెక్క గదుల్లో దాచిన 117 డ్రోన్లతో రష్యా లోపలి వైమానిక స్థావరాలను కొట్టింది. ఒకటి సరిహద్దుకు 4 వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, ఇర్కుత్స్క్ ప్రాంతంలో ఉంది. కాలిన విమానాల్లో చాలా వరకు ఉక్రెయిన్ నగరాల మీద క్షిపణులు విసిరే రకంవి. అంత డబ్బు, అంత పెద్ద సైన్యం లేని దేశానికి చవక డ్రోను లేకపోతే ఇన్నేళ్ళు నిలబడగలిగేదా? లేదనే అనుకుంటాను. ఆ దేశపు తల్లికి వెళ్ళి చవక ఆయుధం చెడ్డదని చెప్పే అర్హత నాకు లేదు.

ఇంకా కష్టమైన ప్రశ్న ఒకటుంది. మనిషి లేని యంత్రం వల్ల యుద్ధం తేలికవుతుందని అంటున్నాను. కానీ 2019 జూన్‌లో ఇరాన్ అమెరికా నిఘా డ్రోను ఒకదాన్ని కూల్చినప్పుడు, ట్రంప్ ప్రతిదాడికి సిద్ధమై చివరి నిమిషంలో ఆపేశాడు. మనుషులు లేని డ్రోనుకు బదులుగా 150 మందిని చంపడం తగదని తనే చెప్పాడు. అందులో పైలట్ ఉండి ఉంటే? అంటే మనిషి లేకపోవడమే అక్కడ యుద్ధాన్ని ఆపింది. అదే ఏడాది ఫిబ్రవరిలో మన వైమానిక దళ పైలట్ అభినందన్ పాకిస్థాన్ చేతికి చిక్కినప్పుడు మాత్రం రెండు రోజులు రెండు దేశాలూ ఊపిరి బిగబట్టాయి. ఆ ఒక్క మనిషి ప్రాణం ఇద్దరినీ వెనక్కి లాగిందా, ఇంకా ముందుకు తోయబోయిందా? ఎటైనా వాదించవచ్చు.

చాలా రోజులు దీని దగ్గరే ఆగిపోయాను. ఇప్పుడు నాకు తోచేది ఇది. 2019లో కూలింది ఒకే ఒక్క డ్రోను, అది కూడా వంద కోట్ల రూపాయలకు ఎన్నో రెట్లు విలువైనది, సముద్రంలో పడింది. ఒక్క యంత్రం గురించి ఇద్దరు నాయకులు ఆలోచించుకునే వ్యవధి ఉంది. ఒకే రాత్రి నాలుగు వందలు వస్తే ఏదో ఒకటి ఇంటి మీద పడి తీరుతుంది. 2025 మే 9 రాత్రి ఫిరోజ్‌పూర్ జిల్లాలో అలాగే ఒక ఇంటి మీద పడింది. ఒకే కుటుంబంలో ముగ్గురికి ఒళ్ళు కాలింది, ఆ ఇల్లాలు కొద్దిరోజులకు లుధియానా ఆస్పత్రిలో చనిపోయింది. అది ఇల్లు కాక బడి అయి ఉంటే, మరునాడు సాయంత్రం కాల్పుల విరమణ కుదిరేదని ఎవరు చెప్పగలరు? అణ్వాయుధాలున్న రెండు దేశాలు ఒకదాని మీదికి ఒకటి గుంపులుగా డ్రోన్లు పంపుకోవడం అదే మొదలు. ఆ మూడు నాలుగు రోజులు మనల్ని కాపాడిన వాటిలో అదృష్టం వాటా ఎంతో తలుచుకుంటే నాకు భయం వేస్తుంది.

ఖరీదైన ఆయుధాల కాలంలో యుద్ధాలు తక్కువ క్రూరంగా ఉండేవని కూడా నేను అనను. వియత్నాం మీద పడిన బాంబులకు లెక్కే లేదు. ఖర్చు అనే కళ్ళెం ఎప్పుడూ బలహీనమైనదే. కానీ ఆ మాత్రం కళ్ళెం కూడా ఇప్పుడు తెగిపోతోంది. పైగా ఈ ఆయుధాలు ప్రభుత్వాల చేతుల్లోనే లేవు. 2024 జనవరి 26న హౌతీల క్షిపణి తగిలి మార్లిన్ లువాండా అనే చమురు నౌక గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మండిపోయింది. అందులో 22 మంది భారతీయ నావికులున్నారు. మంటలార్పడానికి వెళ్ళింది మన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం. ఆ దాడుల వల్ల ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. మన కోస్తా నుంచి ఐరోపాకు పోయే రొయ్యల కంటైనరు కిరాయి కూడా పెరిగింది. ఎక్కడి ఎడారిలోనో బిగించిన ఒక చవక క్షిపణి ఖర్చు భీమవరం చెరువు గట్టు దాకా వచ్చి పడుతుంది. విసిరినవాడి పద్దులో మాత్రం అది ఎప్పటికీ కనబడదు.

ఆవిడ నోటు పుస్తకం

పొలంలో పని ముగిశాక డ్రోను నడిపిన ఆవిడ గట్టు మీద కూర్చుని ఒక నోటు పుస్తకం తీసింది. రైతు పేరు, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఏ మందు, ఎన్ని లీటర్లు, ఎగరేసిన సమయం, దింపిన సమయం రాసి, మా చిన్నాన్న చేత సంతకం పెట్టించుకుంది. ఆమె డ్రోనుకు ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు సంఖ్య ఉంది. పక్క చేనులోకి మందు కొట్టుకుపోతే ఎవరిని అడగాలో అందరికీ తెలుసు. "ఇవన్నీ రాయకపోతే ఏమవుతుందమ్మా?" అని అన్నయ్య అడిగాడు. "రేపు ఎవరి పంటైనా మాడితే నేనే కదా జవాబు చెప్పాలన్నా" అంది.

అన్నయ్యకు ఆ మాట బాగా నచ్చింది. తిరుగు ప్రయాణానికి సామాన్లు సర్దుకుంటున్నప్పుడు కూడా నాతో అదే అన్నాడు. ఆ రోజు ముసఫాలో పడినవాటి గురించి ఎవరు జవాబు చెప్పారు అని అడిగాడు. నేను ఏమీ చెప్పలేకపోయాను.

మనిషి నిర్ణయం లేకుండా తానే గురిని వెతుక్కుని చంపే ఆయుధాల మీద చర్చ జరగాలని 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఒక తీర్మానం చేసింది. 152 దేశాలు ఔనన్నాయి. నాలుగు దేశాలు మాత్రమే కాదన్నాయి. ఆ నాలుగింటిలో మన దేశం ఒకటి. ఈ చర్చ కొన్ని రకాల సంప్రదాయ ఆయుధాలను నియంత్రించే ఒప్పందం కింద జెనీవాలో నడిచే వేదిక మీదే జరగాలి, ఇంకొక దారి అక్కర్లేదన్నది మన ప్రభుత్వ వాదన. అందులో కొంత న్యాయం ఉండవచ్చు. అక్కడ పెద్ద సైన్యాలున్న దేశాలన్నీ కూర్చుంటాయి. కానీ ఆ వేదిక మీద పదేళ్ళకు పైగా మాటలే నడుస్తున్నాయి. ఈలోగా ఖెర్సాన్‌లో ఇప్పటికీ తెర వెనక ఒక మనిషి ఉన్నాడు, కనీసం అతన్ని ఎప్పటికైనా బోనులో నిలబెట్టే ఆశ ఉంది. ఆ మనిషిని కూడా తీసేసి చవక చిప్పును కూర్చోబెడితే ఎవరిని నిలబెడతాం?

మా నియోజకవర్గం పార్లమెంటు సభ్యుడికి ఒక ఉత్తరం రాశాను, తెలుగులోనే, మూడు పేజీలు. అందులో రెండే అడిగాను. మన సైన్యం కొనే, మన ఊళ్ళలో తయారయ్యే ప్రతి దాడి డ్రోనుకు, అది ఎప్పుడు ఎగిరింది, ఏ మనిషి ఆదేశంతో ఎవరి మీద పడింది అన్నది రాసి ఉంచే నియమం ఒకటి చట్టంలో ఉండాలన్నది మొదటిది. ఆ చట్టం లేకుండా వాటిని విదేశాలకు అమ్మకూడదని కూడా అందులోనే చేర్చాను. ఇకమీదట అలాంటి తీర్మానం ఐక్యరాజ్యసమితి సభ ముందుకు వస్తే మన ఓటు ఎందుకు, ఎటు వేస్తున్నామో ముందు పార్లమెంటులో చెప్పాలన్నది రెండోది. ఉత్తరంతో పాటు ఆ నోటు పుస్తకంలోని ఒక పేజీ ఫొటో కూడా జతచేశాను. ఆవిడను అడిగితే సంతోషంగా తీసుకోమంది, మా చిన్నాన్న సంతకం మాత్రం కనబడకుండా వేలు అడ్డం పెట్టింది.

పోస్టు చేసి ఇరవై రెండు రోజులైంది. జవాబు వస్తే ఇక్కడే పెడతాను.